సరిహద్దు జిల్లాల తెలుగు పాఠ్యపుస్తకాల ఆమోదం గురించి ఒడిశా విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా పాఠశాల, సామూహిక విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

నేను గజపతి జిల్లాలో 31 సంవత్సరాలు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మా ఊరు పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వస్తుంది. నదికి ఇవతల ఉన్న మేము ఒడిశా పౌరులం, ఒడిశా ప్రభుత్వ బడుల్లో చదువుకున్నవాళ్లం, ఆ బడుల్లోనే చదువు చెప్పినవాళ్లం. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాల పిల్లలు ఏ పుస్తకం చదవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, ఏ ప్రాతిపదిక మీద ఆమోదిస్తున్నారు అన్న ఒక్క విషయం గురించే ఈ లేఖ రాస్తున్నాను. భవనాల గురించి, ఉపాధ్యాయ ఖాళీల గురించి చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి గాని వాటిని ఇందులో కలపను.

ముందుగా ఒక లెక్కల పాఠం సంగతి మనవి చేస్తాను. అయిదో తరగతిలో పిల్లలకు నేను క.సా.గు. నేర్పేవాణ్ణి, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం. దాని వెంటనే గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం. ఆ పిల్లలే పై తరగతికి ఒడియా మాధ్యమం బడికి వెళ్లేసరికి మొదటిది ల.సా.గు. (లఘిష్ఠ సాధారణ గుణితక) అవుతుంది, రెండోది గ.సా.గు. (గరిష్ఠ సాధారణ గుణనీయక) అవుతుంది. ఒడియాలో ‘గుణితక’ అంటే మన గుణిజం, ‘గుణనీయక’ అంటే మన భాజకం. రెండు మాటలూ ‘గు’తోనే మొదలవుతాయి కనుక రెండు పొడి అక్షరాల పేర్ల చివరా అదే అక్షరం నిలబడుతుంది. తెలుగులో చదివి వచ్చిన పిల్లల మనసులో మాత్రం ‘గు’ అంటే గుణిజం అనే ముద్ర పడిపోయి ఉంటుంది. నా దగ్గర చదువుకొని వెళ్లిన ఒక అమ్మాయి 12, 18లకు గ.సా.గు. కనుక్కోమంటే అది గరిష్ఠ సామాన్య గుణిజమనుకొని 36, 72, 108, 144 అని రాసుకుంటూ పుట నింపేసింది. సాయంత్రం ఆ పుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చి, “మాస్టారూ, ఇది ఎక్కడా ఆగట్లేదండీ” అంది. ఆ పిల్లకు లెక్క రాకపోలేదు. ఆమె చేసిన గుణకారాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె చేతికి వచ్చిన రెండు పుస్తకాలూ ఒకదానికొకటి తెలియకుండా తయారయ్యాయి, అంతే. ఆ పుటకు అడుగున ‘గ.సా.భా.ను ఒడియాలో గ.సా.గు. అంటారు’ అని ఒక్క పంక్తి అచ్చువేసి ఉంటే చాలు. ఆ పంక్తి అవసరమని తోచాలంటే, పుస్తకం ఖరారయ్యే చోట ఈ సరిహద్దులో పాఠం చెప్పిన మనిషి ఒక్కరైనా ఉండాలి.

నేను పనిచేసిన కాలంలో మా తరగతి గదిలోకి పుస్తకాలు రెండు దారుల్లో వచ్చేవి. కొన్ని సంవత్సరాలు ఆంధ్రలో అచ్చయిన పుస్తకాలు దొరికేవి. దొరకని సంవత్సరాలలో ఒడియా పుస్తకాన్ని ఎడమ చేత్తో పట్టుకొని, దాన్ని నోటితో తెలుగు చేసుకుంటూ నల్లబల్ల మీద రాసేవాళ్లం, పిల్లలు చూసి రాసుకునేవారు. ఆ రాసుకున్నదే వాళ్లకు పాఠ్యపుస్తకం. దాన్ని ఎవరూ పరిశీలించలేదు, ఎవరూ ఆమోదించలేదు. నా అనువాదంలో తప్పులుంటే ఆ తప్పులు ఎన్నేళ్లు ఎంతమంది పిల్లలతో వెళ్లాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఆంధ్ర నుంచి వచ్చిన పుస్తకాలు మంచివే. వాటిని తయారుచేసినవాళ్ల శ్రద్ధను నేను తక్కువ చేయను. అయితే అవి మా పిల్లల కోసం తయారైనవి కావు. పరిసరాల విజ్ఞానంలో ‘మన రాష్ట్రం’ అన్న పాఠం తెరిస్తే మా పిల్లలకు కనబడేది పొరుగు రాష్ట్రపు పటం. వాళ్లు ఓటు వేయబోయే శాసనసభ భువనేశ్వర్‌లో ఉంది, వాళ్ల హైకోర్టు కటక్‌లో ఉంది, ఆ సంగతులు తెలుగులో రాసిన పాఠం వాళ్ల చేతిలో లేదు. మా ఇళ్లలో చోడి అంబలి తాగి బడికి వస్తారు. పుస్తకంలో రాగి జావ అని ఉంటుంది, పక్క గదిలోని ఒడియా పుస్తకంలో అదే గింజ మాండియా అవుతుంది. మూడు పేర్లూ ఒకే గింజవని చెప్పే పుస్తకం ఉంటే ఆ పిల్లలకు అంతకన్నా మంచి భాషా పాఠం మరొకటి ఉండదు. రథయాత్రకు మా ఊరి వీధులు నిండిపోతాయి, బరంపురంలో ఠాకురాణి యాత్రకు తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసి నడుస్తారు. ఇవేవీ మా పిల్లలు చదివే తెలుగులో కనబడవు.

పైగా పొరుగు రాష్ట్రం తన అవసరాలను బట్టి తన పుస్తకాలను మార్చుకుంటుంది. 2020-21 విద్యా సంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ ఎదురెదురు పుటల్లో ఇంగ్లీషు, తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలను తెచ్చింది. అది అక్కడి పిల్లల కోసం అక్కడి ప్రభుత్వం చేసుకున్న నిర్ణయం. మా పిల్లలకు ఎదురు పుటలో కావలసింది ఒడియా. అక్కడ బడులు జూన్‌లో తెరుస్తారు, మనకు ఏప్రిల్‌లోనే తరగతులు మొదలవుతాయి. ఆ రెండు నెలల తేడా ఏటా మా పిల్లల మీదే పడుతుంది. ఒక సంవత్సరం దసరా సెలవులు దగ్గర పడే దాకా మూడో తరగతికి పుస్తకమే లేదు. ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలుసుకుందామని ఒక కార్యాలయానికి వెళ్తే, మరో కార్యాలయంలో అడగమన్నారు. అక్కడ అడిగితే తెలుగు పుస్తకాల సంగతి చూసేవారు వేరే ఉన్నారన్నారు. ఆ వేరే వారెవరో పదవీ విరమణ చేసే నాటికీ నాకు తెలియలేదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిన 350ఏ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం ప్రతి రాష్ట్రమూ చేయాలని చెబుతోంది. పుస్తకం లేని బోధనను తగిన సదుపాయం అనలేం కదా. 2009 నాటి విద్యా హక్కు చట్టంలోని 29వ సెక్షన్, పాఠ్యప్రణాళికను ప్రభుత్వం నిర్దేశించిన విద్యా ప్రాధికార సంస్థ రూపొందించాలనీ, ఆచరణ సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషే బోధనా మాధ్యమంగా ఉండాలనీ ఒకే చోట చెప్పింది. అంటే మాతృభాషలో చదివే పిల్లల పుస్తకం కూడా ఆ సంస్థ బాధ్యతే గాని, పొరుగు రాష్ట్రం దయ మీదో ఉపాధ్యాయుడి ఓపిక మీదో ఆధారపడవలసినది కాదు. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి వరకు, వీలైతే ఎనిమిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలంది. మన మాధ్యమిక విద్యా మండలి పదో తరగతి పరీక్షలో తెలుగును మొదటి భాషగా రాసే అవకాశం ఇచ్చింది, అందుకు మేము కృతజ్ఞులం. ఆ పరీక్ష దాకా నడిపించే మెట్లు కూడా అంత గట్టిగా ఉండాలన్నదే మా కోరిక.

పుస్తకాన్ని ఆమోదించే పద్ధతి గురించి ఈ దేశంలో ఆలోచన జరగకపోలేదు. 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘం, ముదలియార్ కమిషన్ అని మనం పిలిచేది, పాఠ్యపుస్తకాల ఎంపికకు ఉన్నతాధికార సంఘం ఉండాలని సిఫార్సు చేసింది. అందులో వీలైతే హైకోర్టు న్యాయమూర్తి, పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యులు ఒకరు, ఆ ప్రాంతపు విశ్వవిద్యాలయ ఉపకులపతి, ప్రధానోపాధ్యాయులు, విద్యావేత్తలు ఉండాలని పేర్లు పెట్టినట్టుగా చెప్పింది. ఎంపిక ఒత్తిళ్లకు లోనుకాకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. ఎంపికైన పుస్తకాలను తరచుగా మార్చకూడదని కూడా అదే సంఘం అంది. 70 ఏళ్లు గడిచినా ఆ మాటల్లో పాతబడినది నాకు ఏదీ కనబడదు. న్యాయమూర్తిని పెట్టకపోయినా పరవాలేదు, తరగతి గదిలో నిలబడే మనిషిని పెట్టండి అని మాత్రం నేను వేడుకుంటాను.

ఇది పర్లాకిమిడి నుంచి రాస్తున్న లేఖ కనుక ఒక పాత సంగతి గుర్తుచేయక తప్పదు. గిడుగు వేంకట రామమూర్తి గారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయులుగా ఉన్నారు. బడి పిల్లలకు వాళ్లు మాట్లాడే తెలుగులో పుస్తకాలు ఉండాలని, పండితులు మెచ్చే భాష పిల్లల నోటికి అందదని ఆయన చేసిన వాదం ఇక్కడి తరగతి గదుల అనుభవంలోంచి పుట్టింది. ఆయన అక్కడితో ఆగలేదు. కొండల్లోని సవర ఆదివాసీల దగ్గర వాళ్ల భాష నేర్చుకొని సవర పిల్లలకు వాచకాలు తయారుచేశారు. 1914లో ఇంటర్మీడియట్ వ్యాసరచన ఏ తెలుగులో ఉండాలన్న ప్రశ్న మీద ఏర్పడిన సంఘంలో సభ్యులైన గురజాడ అప్పారావు గారు, తోటివారితో విభేదిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం సమర్పించారు. అది అచ్చయింది, ఈనాటికీ చదువుకోవచ్చు. నూరేళ్ల కిందటి ఆ సంఘంలో ఎవరు ఏ కారణంతో విభేదించారో మేము తెలుసుకోగలుగుతున్నాం, మా పిల్లల చేతిలో ఉన్న పుస్తకాన్ని ఎవరు ఏ కారణంతో ఎంపిక చేశారో చెప్పే కాగితం ఒక్కటీ నేను పనిచేసిన 31 ఏళ్లలో చూడలేదు. 2005 సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్, ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత విషయాలన్నీ ప్రచురించాలనీ, పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను వాటి ప్రభావం పడేవారికి తెలియజేయాలనీ ఆదేశిస్తోంది. ఒక చిన్న పిల్ల ఏడాది పొడవునా చదవవలసిన పుస్తకం కన్నా ఆమె మీద ఎక్కువ ప్రభావం చూపే నిర్ణయం ఏముంటుంది?

ఈ పని మన ప్రభుత్వానికి చేతకానిది కాదు. 2006-07 నుంచి ఒడిశా ఆదివాసీ పిల్లల కోసం బహుభాషా విద్యను నడుపుతోంది. పది భాషలతో మొదలుపెట్టి 21 భాషలకు పెంచింది. మా గజపతి జిల్లాలో సవర పిల్లల పుస్తకాల్లో వాళ్ల ఊళ్లు, వాళ్ల పంటలు, వాళ్ల పండుగలు ఉన్నాయి. ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయులను కూర్చోబెట్టి, ఆ పిల్లల జీవితంలోంచి పాఠాలు తీసి, మెల్లగా ఒడియాలోకి నడిపించే పద్ధతి అది. దాన్ని చూసి నేను గర్వపడ్డాను. అదే పద్ధతిని తెలుగు పిల్లలకూ వర్తింపజేయమని అడుగుతున్నాను. తెలుగుకు పక్కన పెద్ద రాష్ట్రాలున్నాయి గదా, అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు గదా అనే ఆలోచనే మా పిల్లలను వెనక్కి నెట్టింది.

పిల్లల సంఖ్య తక్కువ, ఖర్చు ఎక్కువ అని అధికారులు తమకు చెప్పవచ్చు. 1949లో రాష్ట్రాల విద్యా మంత్రుల సమావేశం పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో పదిమంది గాని ఉంటే మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని తీర్మానించింది. ఆ పదిమందికి ఉపాధ్యాయుడు ఎంత అవసరమో పుస్తకమూ అంతే అవసరం. ఖర్చు కూడా అనుకున్నంత ఉండదు. అంకెలు, ఆకారాలు ఏ రాష్ట్రంలోనైనా ఒక్కటే కనుక గణితానికి ఉన్న పుస్తకాన్నే తీసుకొని, ప్రతి పారిభాషిక పదం పక్కన ఒడియా మాటను తెలుగు లిపిలోనూ ఒడియా లిపిలోనూ చేర్చితే సరిపోతుంది. కొత్తగా రాయవలసినవి పరిసరాల విజ్ఞానం, తెలుగు వాచకంలో కొన్ని పాఠాలు. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే పిల్లలు ఉన్నారు, వాళ్లకూ ఒడియా పుస్తకాలతో ఇదే అవసరం ఉంది. రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలు కలిసి కూర్చుంటే ఇద్దరి పనీ తేలికవుతుంది.

కాబట్టి తమను కోరేది ఇది. సరిహద్దు జిల్లాల్లో ప్రస్తుతం తెలుగు పిల్లలకు పాఠం చెబుతున్న ఉపాధ్యాయులు సగానికి తగ్గకుండా ఉండేలా తెలుగు పాఠ్యపుస్తకాల ఉపసంఘాన్ని నియమించి, సభ్యుల పేర్లు ప్రకటించండి. చిత్తు ప్రతిని అచ్చుకు ముందు కనీసం రెండు నెలలు బ్లాకు విద్యాధికారి కార్యాలయాల్లోనూ, శాఖ వెబ్‌సైటులోనూ అందరికీ అందుబాటులో ఉంచండి. వచ్చిన అభ్యంతరాలనూ, వాటికి సంఘం ఇచ్చిన సమాధానాలనూ ప్రచురించండి, ఒప్పుకోనివాళ్ల మాటను కూడా దాచకండి. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో కొన్ని బడుల్లో ఒక ఏడాది వాడి చూసి, పిల్లలు ఎక్కడ తడబడ్డారో ఉపాధ్యాయుల చేత రాయించి, ఆ తరువాతే తుది ఆమోదం ఇవ్వండి. ఒడియా పుస్తకాలు బడికి చేరే రోజునే తెలుగు పుస్తకాలూ చేరాలి. మా పిల్లలు ఒడియా బాగా నేర్చుకోవాలనే నేను కోరుకుంటాను. ఈ రాష్ట్రంలో బతకడానికి, పై చదువులు చదవడానికి, తోటివారితో కలిసిమెలిసి ఉండడానికి అది కావాలి. ఇంటి భాషలో గట్టిగా నిలబడిన పిల్లలే రెండో భాషను ధైర్యంగా అందుకుంటారని 31 ఏళ్లు కళ్లారా చూశాను.

ఉద్యోగంలో ఉండగా తెలుగు, ఒడియా పుస్తకాల్లో వేరుపడే మాటలను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను. గణితంలోవి, విజ్ఞానశాస్త్రంలోవి, పంటల పేర్లు, చెట్ల పేర్లు, కొలతలు అందులో ఉన్నాయి. ఆ అమ్మాయి తెచ్చిన లెక్క మొదటి పుటలోనే ఉంది. తమ శాఖ నియమించే సంఘానికి దాన్ని నా చేతులతో అందజేస్తాను, భువనేశ్వర్‌కు రమ్మంటే నా ఖర్చుతోనే వస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.