వార్షిక నివేదిక: బిషప్ అజరయ్య జీవిత పట్టిక సవరణ

సభ్యులకు వందనాలు. సర్వసభ్య సమావేశం, చందాల వసూలు మామూలుగానే జరిగాయి. ఏడాదిలో ఎక్కువ భాగం డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య జీవిత పట్టికను సరిచూడడానికే పట్టింది.

కరపత్రాల్లో తరచూ కనిపించే పొరపాటు ‘భారతదేశపు తొలి బిషప్’ అనడం. కేరళ సిరియన్ సంఘాల్లో అంతకు ఎంతో ముందు నుంచే భారతీయ బిషప్పులున్నారు. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి సంప్రదాయంలో) తొలి భారతీయ బిషప్, పట్టికలో ఆ మాటే ఉంచాం. ఆయన్ను ‘సి.ఎస్.ఐ. బిషప్’ (పలు సంఘాలు కలిసి ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా బిషప్) అనడమూ తప్పే. సంఘాల ఐక్యత కోసం ఆయన ఏళ్ల తరబడి పాటుపడ్డ మాట నిజమే గానీ, కన్నుమూసింది 1945 జనవరి 1న, సి.ఎస్.ఐ. ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న.

మూడో చిక్కు అభిషేకాల దగ్గర. ఆంగ్లికన్ క్రమంలో డీకన్, ప్రీస్టు, బిషప్ అని మూడు మెట్లు, మూడింటికీ వేరువేరు ఆరాధనలు. వైఎంసీఏ కార్యదర్శి పని వదిలి 1909లో డీకన్ అయిన ఏడాదినే కొందరు బిషప్ అయిన ఏడాదిగా రాసేశారు. బిషప్ అభిషేకం 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్లో జరిగింది. డోర్నకల్లో కాక అక్కడెందుకంటే, మెట్రోపాలిటన్ (బిషప్పులకు పెద్ద) పీఠం అదే.

పుట్టింది 1874 ఆగస్టు 17న, తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళైలో. వేదనాయకం తండ్రి పేరు, అజరయ్య ఆయన సొంత పేరు. సూచికలో ‘వే’ కింద వెతికితే సగం కాగితాలు దొరకవు. అందుకే కార్డులన్నీ ‘అ’ కిందికి మార్చాం.

డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న, సరిగ్గా ఎపిఫనీ పండుగ (జ్ఞానులు బాలయేసును దర్శించిన సందర్భం) నాడు. పాత కాగితాల్లో ‘6/1’ అని ఉంటే ముందున్నది రోజు, తర్వాతది నెల. దాన్ని తిరగేసి చదివి జూన్ 1 అని రాసిన ప్రతులు తీసేశాం. ఆ గుమ్మటాలు, స్తంభాలు చూస్తే గుడి, మసీదు, చర్చి మూడూ గుర్తొస్తాయి. ఫొటో తీసేవాళ్లు ముఖద్వారంతోనే ఆపకుండా స్తంభాల దగ్గరికీ వెళ్లాలని మనవి.

బాప్తిస్మ రిజిస్టర్ల సంగతి. తేదీ, పేరు, తల్లిదండ్రులు, ఊరు, వృత్తి, సంస్కారం చేసిన గురువు: ఈ గళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాలి, అక్షర దోషం కనిపించినా దిద్దకూడదు. పాత ఇనుప సిరా గోధుమరంగుకు తిరిగి, గీత గట్టిగా పడ్డచోట కాగితాన్నే తినేస్తుంది. అలాంటి పుటను రెండు చేతులతో, కింద అట్ట పెట్టి తిప్పాలి. చిరుగుకు సెల్లోటేపు అంటించొద్దు, దాని జిగురు పచ్చబడి అక్షరాల మీదికి పాకుతుంది. పుట సంఖ్య మెత్తటి పెన్సిల్‌తో మూలన వేస్తే చాలు.

తమిళం మాతృభాషైన మనిషి తెలుగు నేర్చుకుని ఇక్కడివారికి ఎలా బోధించారో పట్టికలో ఇంకా ఒక్క వరుసే ఉంది. వచ్చే ఏడాది ముందుగా పెంచాల్సింది అదే.