ఆరో భాగం ఇంకా రాలేదు, క్షమించాలి

మొన్న ఆదివారం స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన గాజువాక నుంచి ఎంవీపీ కాలనీలో ఉన్న మా పుస్తకాల కొట్టు దాకా వచ్చారు. చెమట తుడుచుకుని, కౌంటరు మీద చెయ్యి ఆనించి, “ఏటి బాబూ, ఆరోది ఏదీ?” అన్నారు.

పోయిన ఏడాది ఆయనకి జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’తో మొదలయ్యే ఫాంటసీ నవలల సెట్టు అమ్మింది నేనే. “అయిదు పుస్తకాలండీ, మొత్తం సెట్టు” అని చెప్పాను. అయిదన్నది నిజమే, మొత్తం అన్నదే అబద్ధం. మొదటిది 1996లో వచ్చింది, అయిదోది 2011లో. కథ అక్కడితో అయిపోలేదు. ఆరోది ఇప్పటికీ రాలేదు. ఈ సంగతి చెప్పేసరికి ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాకు డెబ్బై రెండు. ఆ రాసేవాడికెన్నేళ్ళు?” అని అడిగారు. “మీకంటే పెద్దాయనేనండీ” అన్నాను. ఆయన ముఖం ఇంకా వాడిపోయింది.

బేరం పోతుందని నేనప్పుడు నోరు మూసుకున్నాను. అలా నోరు మూసుకుని అమ్మినవి ఇంకా ఉన్నాయి కాబట్టి, మీ అందరికీ ఒకేసారి చెప్పేద్దామని ఇది రాస్తున్నాను.

ముందు కొట్టులో నేను పెట్టిన ఒక బోర్డు సంగతి. పిల్లల మాయా మంత్రాల పుస్తకాలు వేరు, పెద్దవాళ్ళవి వేరు అని తెలియడానికి ‘అడల్ట్ ఫాంటసీ’ అని రాసి అల్మారాకి తగిలించాను. ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు దాన్ని ఫోటో తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళారు. రోజూ వచ్చే ఒక మేడమ్ గారైతే ఆ వైపు చూడ్డమే మానేశారు. మూడో రోజు బోర్డు పీకేసి ‘పెద్దవాళ్ళ జానపదాలు’ అని పెట్టాను. ఇప్పుడు విఠలాచార్య సినిమాల సీడీలున్నాయా అని అడుగుతున్నారు. అది నయం.

ఇక అసలు తప్పు. ఆ అల్మారాలో సగం పుస్తకాలు నేను చదవకుండానే అమ్మాను. అట్ట వెనక నాలుగు ముక్కలు చూసి, “చాలా బాగుంటుందండీ” అనేవాణ్ణి. ఒకావిడ తొమ్మిదో తరగతి చదివే కూతురి కోసం ఆర్. ఎఫ్. క్వాంగ్ ‘ద పాపీ వార్’ తీసుకెళ్ళారు. అట్ట మీద విల్లు పట్టుకున్న అమ్మాయి, లోపల కష్టపడి పరీక్ష పాసై సైనిక విద్యాలయానికి వెళ్ళే అనాథ పిల్ల కథ. మన ఎంసెట్ పిల్లలకి బాగా నచ్చుతుందనుకున్నాను. సగం దాటాక వచ్చే యుద్ధం 1937లో చైనాలోని నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం చేసిన మారణకాండని ఆధారం చేసుకుని రాసిందని నాకు తెలియదు. ఆవిడ పుస్తకం తిరిగి తెచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టారు. తిట్టినా బాగుండేది. మంచి పుస్తకమే, కానీ దాన్ని ఇకనుంచి పై అరలోనే ఉంచుతాను. అడిగినవాళ్ళకి ఈ మాట చెప్పే ఇస్తాను.

వేసవి నుంచి దుకాణం మూశాక రోజూ రాత్రి చదువుతున్నాను. ఇప్పుడు నేను చెప్పేవి చివరి పేజీ దాకా చదివినవే.

ఈ తరహా నవల ఎప్పుడూ ముట్టుకోనివాళ్ళకి మొదట ఇచ్చేది సుజానా క్లార్క్ ‘పిరనేసి’. 2020లో వచ్చింది, మరుసటి ఏడు ఆడవాళ్ళు రాసిన నవలలకి బ్రిటన్‌లో ఇచ్చే విమెన్స్ ప్రైజ్ తెచ్చుకుంది. మూడొందల పేజీలు కూడా ఉండదు. అంతులేని గదులు, గది నిండా విగ్రహాలు, కింది అంతస్తులో సముద్రం. ఆటుపోట్ల లెక్క రాసుకుంటూ అందులో బతికే ఒక మనిషి డైరీ ఇది. అతను అక్కడికి ఎలా వచ్చాడన్నదే కథ, కాబట్టి నా నోటి నుంచి ఇంతకంటే రాదు. జాలరిపేటలో పుట్టి పెరిగిన మా కుర్రాడు (మీ బిల్లులు కొట్టేది అతనే) వారం రోజులు అడిగి అడిగి నాచేత కథ చెప్పించుకున్నాడు. “ఆ మనిషికి పోటు టైము తెలుసు సార్, నమ్మొచ్చు” అన్నాడు. పుస్తకం మీద నేను విన్న అభిప్రాయాల్లో మంచిది అదే. క్లార్క్ గారి మొదటి నవల 2004లో వచ్చింది, ఎనిమిదొందల పేజీల దాకా ఉంటుంది, కింద ఫుట్‌నోట్లు మళ్ళీ వేరే. దాన్ని సెలవు పెట్టినవాళ్ళకే ఇస్తాను.

అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి. ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ 1968 నాటిది. వస్తువు అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుందన్నది అందులో మంత్రవిద్యకి మూలం. పిల్లల పుస్తకమని చాలామంది పక్కన పెడతారు. పెట్టొద్దు. అందులో కుర్రాడు తన గర్వం కొద్దీ ఒక నీడని వదులుతాడు, తర్వాత దానికే భయపడి పారిపోతాడు. అది ఉద్యోగంలో పడి నలిగినవాళ్ళకే బాగా అర్థమవుతుంది. 1990లో ఆవిడ మళ్ళీ ఆ లోకానికే వచ్చి ‘టెహాను’ రాశారు. ఇందులో నాయిక నడివయసు రైతు భార్య, భర్త పోయాడు, నిప్పుల్లో కాలిన ఒక పసిపిల్లని పెంచుతూ ఉంటుంది. ఒకప్పటి మహా మాంత్రికుడు శక్తులన్నీ పోగొట్టుకుని ఆ ఇంటికే చేరతాడు. అంట్లు, మేకలు, పొలం, ఊళ్ళో మగవాళ్ళ బెదిరింపులు, అన్నీ ఉంటాయి. ఇది చదివి మా ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకో నేనూ అడగలేదు.

నవ్వుకోవాలంటే టెర్రీ ప్రాచెట్. ఆయన డిస్క్‌వరల్డ్ సిరీస్‌లో నవలలు 41 ఉన్నాయి, మొదటిదానితో మొదలుపెట్టకండి, అది ఇంకా చెయ్యి తిరగనప్పటిది. 1989 నాటి ‘గార్డ్స్! గార్డ్స్!’ తీసుకోండి, తాగుబోతు పోలీసు కెప్టెన్ ఒకడు డ్రాగన్ కేసు పట్టుకుంటాడు. ఆ కెప్టెనే మరో నవలలో బూట్ల లెక్క చెబుతాడు. డబ్బున్నవాడు యాభై డాలర్ల బూట్లు కొని పదేళ్ళు తొడుగుతాడు. లేనివాడు పది డాలర్లవి కొని, చిరిగి, మళ్ళీ కొని, చివరికి వంద ఖర్చుపెట్టి కూడా తడి కాళ్ళతోనే ఉంటాడు.

ఆ లెక్క నా కొట్టుకే తగిలింది. పోయిన సీజన్లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర సగానికి సగం ధరకి ఒక లాటు తెచ్చాను. అందులో కొన్ని పైరసీ కాపీలు. ధర చూసినప్పుడే నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా, పక్కకి తోసేశాను. కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడతాయి, అంచులు వంకర, ముందుండే పటంలో నది ఏదో దారి ఏదో తెలియదు. ఇలాంటి నవలకి పటమే ప్రాణం. మన సముద్రపు గాలికి వానాకాలంలో బైండింగు జిగురు ఊడి పేజీలు చేతికొచ్చాయని ముగ్గురు తెచ్చి చూపించారు. మీ దగ్గర అలాంటిది ఉంటే నెలాఖరులోగా పట్టుకురండి, అసలు కాపీ ఇస్తాను, బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. ఆ నష్టం నాదే. దీనివల్ల రెండు నెలలు కొత్త స్టాకు తక్కువగా ఉంటుంది. డిస్కౌంటూ పది శాతం దాటదు.

ఎన్. కె. జెమిసిన్ ‘ద ఫిఫ్త్ సీజన్’ తిరుగులేని పుస్తకం. ఆ సిరీస్‌లో మూడింటికీ వరసగా మూడేళ్ళు, 2016 నుంచి 2018 దాకా, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. కాకపోతే, కన్నతండ్రి చేతిలో చచ్చిపోయిన బిడ్డని తల్లి చూసుకోవడంతో మొదలవుతుంది. మనసు బాగోలేనప్పుడు వద్దు. మన దేశపు వాసన ఉన్నది కావాలంటే తాషా సూరి ‘ద జాస్మిన్ థ్రోన్’ ఉంది, మూడు భాగాలూ వచ్చేశాయి. పాట్రిక్ రాత్‌ఫస్ ‘ద నేమ్ ఆఫ్ ద విండ్’ 2007లో, రెండోది 2011లో వచ్చాయి, మూడోది లేదు. వచనం చాలా అందంగా ఉంటుంది, కానీ నేనుగా ఎవరి చేతిలోనూ పెట్టను.

“తెలుగులో ఏమీ లేవా?” అని రోజుకొకరు అడుగుతారు. పైన చెప్పినవాటికి తెలుగు అనువాదాలు నా దగ్గర లేవు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ ఉన్నాయి. గురువూ, గొల్లపిల్లవాడూ నడిచి కాశీకి పోతుంటే మజిలీకొక కథ. పిల్లల కథలని మనవలకి కొనేవాళ్ళు ఒకసారి తామే చదవండి, అందులో ప్రేమలూ ఎత్తులూ పెద్దవాళ్ళ కోసమే.

ఇకనుంచి పూర్తికాని సిరీస్ ప్రతి పుస్తకం లోపలా పసుపు చీటీ ఉంటుంది: ఎన్ని రావాలి, ఎన్ని వచ్చాయి.

పెద్దాయనకి నష్టపరిహారంగా రాబిన్ హాబ్ మూడు పుస్తకాల సెట్టు సగం ధరకి ఇస్తానన్నాను. ‘అసాసిన్స్ అప్రెంటిస్’ మొదటిది, 1995 నుంచి 1997 దాకా ఏడాదికొకటి వచ్చాయి. యువరాజుకి పెళ్ళికాని సంబంధంలో పుట్టిన పిల్లవాణ్ణి గుర్రపుశాలలో పెంచి, రాజు కోసం రహస్యంగా హంతకుడిగా తయారుచేస్తారు. ఆ తర్వాత ఆవిడ అదే మనిషి మీద ఇంకా రాశారు గానీ మూడింటితో ఆపినా వెలితి ఉండదు, అదీ చెప్పాను. ఆయన నా మాట నమ్మలేదు. మూడో పుస్తకం చివరి పేజీ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, నిలబడే చదివి, అప్పుడు డబ్బులు తీశారు.