ఫ్యాక్టరీ గేటు దాటితే అమ్మకమేనా?

సంపాదకుడు గారికి,

గత వారం మీ వాణిజ్య పేజీలో కార్ల నెలవారీ అమ్మకాల వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు అమ్మకాలుగా అచ్చువేసినవి కొన్నవాళ్ల ఇంటికి చేరిన బండ్లు కావు, ఫ్యాక్టరీల నుంచి డీలర్లకు పంపినవి; వాహన తయారీ కంపెనీల సంఘం సియామ్ ఇచ్చే లెక్క అదే. అసలు అమ్మకం తెలియాలంటే డీలర్ల సమాఖ్య ఫాడా వెల్లడించే రిజిస్ట్రేషన్లు చూడాలి. 2024 పండుగల ముందు 80 నుంచి 85 రోజులకు సరిపడా నిల్వ, సుమారు 79 వేల కోట్ల రూపాయల విలువైనది, తమవద్ద పేరుకుపోయిందని ఆ సమాఖ్యే మొత్తుకుంది. వాళ్లు కోరేది 21 రోజుల నిల్వ.

ఈ తేడా కొనేవాడి మీద ఎలా పడుతుందో అనుభవంతో చెబుతున్నాను. నిరుడు మా అబ్బాయి కోసం విజయవాడలోని ఒక షోరూమ్‌లో మధ్యరకం పెట్రోలు వేరియంట్, బూడిద రంగుది బుక్ చేశాం. "ఈ నెల మాకు ఆ వేరియంట్ అలాట్‌మెంట్ రెండే సార్" అంటూ పదకొండు వారాలు తిప్పి, చివరకు యార్డులో ఉన్న తెల్లటి టాప్ మోడల్ తీసుకుంటే రేపే డెలివరీ అన్నారు. వెళ్లి చూస్తే బానెట్ మీద పిట్టల రెట్టలు ఎండి గట్టిపడి ఉన్నాయి. గట్టిగా అడిగితే, తయారై తొమ్మిది నెలలైందని ఒప్పుకున్నారు. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి కనుక, రేపు ఆ బండిని మేం అమ్ముకోబోతే ధర తెగ్గోసేది వాటిని చూసే.

అక్కడి కుర్రాళ్లను తప్పుపట్టను. ఫ్యాక్టరీ పంపిన బండికి డీలరు బ్యాంకు అప్పుతో డబ్బు కట్టాలి, అది కదలకపోయినా వడ్డీ ఆగదు. గిరాకీ ఉన్న మోడల్ నాలుగు బండ్లు ఎక్కువ రావాలంటే కదలని మోడల్ కూడా ఎత్తుకోక తప్పదని ఈ వ్యాపారంలో ఉన్న మా బంధువు ఎన్నోసార్లు వాపోయాడు. ఆ ఒత్తిడంతా చివరికి బుకింగ్ రసీదు పట్టుకుని నిలబడినవాడి నెత్తిన పడుతోంది. ఆ రసీదు మీద మా ఆర్డరు ఫ్యాక్టరీకి వెళ్లిందో లేదో, వరుసలో మాది ఎన్నోదో ఒక్క ముక్క లేదు. రైలు టికెట్టుకే వెయిటింగ్ లిస్టు నంబరు ఇచ్చే దేశంలో, లక్షలు పోసి కొనే కారుకు ఆపాటి కాగితం ఇవ్వాలని కంపెనీలను ఏ శాఖా ఎందుకు శాసించదు? లెక్కల విషయంలోనూ ఇదే అలసత్వం. తెలంగాణ వివరాలు కేంద్రం నడిపే వాహన రిజిస్ట్రేషన్ల డేటాబేస్ 'వాహన్'లో లేకపోవడంతో ఫాడా పట్టికల్లో ఆ రాష్ట్రం ఏళ్ల తరబడి కనిపించనే లేదు.

వచ్చే నెల నుంచి మీరు, ఫ్యాక్టరీలు డీలర్లకు పంపినవి ఎన్ని, రిజిస్టరైనవి ఎన్ని అన్న రెండు అంకెలనూ పక్కపక్కన వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ