డాబా లేని ఇంటికీ ఎండలో వాటా ఇవ్వండి

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను చండీగఢ్‌లో స్థిరపడిన తెలుగువాడిని. హౌసింగ్ బోర్డు ఫ్లాట్లలో కింది అంతస్తు మాది. డాబా మీద హక్కు పై అంతస్తువారిది. ఇళ్ల డాబాల మీద సోలార్ ప్యానెళ్లకు రాయితీ ఇచ్చే ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో నాలాంటివారికి చోటెక్కడ అన్నదే ఈ లేఖ.

ఈ ఊరికి సౌర విద్యుత్తు కొత్త కాదు. 500 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని ఇళ్లకు 2016లోనే సోలార్ ప్యానెళ్లు తప్పనిసరి చేశారు. స్తోమత ఉన్నవారి మీద బాధ్యత పెట్టడం సబబే. 2024లో మీ పథకం వచ్చాక రాయితీ కూడా సొంత డాబా ఉన్నవారికే సులువుగా అందుతోంది. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 రూపాయల చొప్పున, మూడో దానికి 18,000, మొత్తం 78,000. గృహ సముదాయాలకు కిలోవాటుకు 18,000 ఇస్తున్నారు, అదీ ఉమ్మడి అవసరాలకు. దాంతో లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాల ఖర్చు తగ్గుతుంది. ఫ్లాటులో ఏసీకి వచ్చే బిల్లు అలాగే ఉంటుంది.

ఉత్తరాదిన ఎండ చాలదని మన ఊళ్లలో కొందరి అనుమానం. జనవరి పొగమంచులో ఉత్పత్తి పడిపోయే మాట నిజమే, కానీ ఏప్రిల్, మే నెలలు ఆ లోటు పూడుస్తాయి. అసలు చిక్కు నీడతో. డిసెంబరు మధ్యాహ్నం విజయవాడలో సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తులో ఉంటే, ఇక్కడ సుమారు 36 డిగ్రీలే. మీటరు ఎత్తు పిట్టగోడ నీడ అక్కడ మీటరు లోపే, ఇక్కడ మీటరున్నర దాకా పరుచుకుంటుంది. ప్యానెళ్లను ఎక్కువ వాలుగా, వరుసల మధ్య ఎక్కువ ఎడంగా పెట్టాలి. కిలోవాటుకు సుమారు పది చదరపు మీటర్లన్న మామూలు లెక్క చిన్న డాబాల మీద తప్పుతుంది. నీటి ట్యాంకులు, పక్కింటి చెట్టు సరేసరి. పై అంతస్తువారు పెద్ద మనసుతో ఒప్పుకున్నా నాలుగు కుటుంబాలకు అక్కడ చోటు చాలదు.

దీనికి దారి వర్చువల్ నెట్ మీటరింగ్. ప్యానెళ్లు ఎక్కడున్నా, వాటా ప్రకారం యూనిట్లు ఎవరి బిల్లులో వారికి తగ్గుతాయి. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. మీ శాఖ కూడా దీన్ని కాదనడం లేదు. కానీ కాగితం మీద అనుమతి ఉన్నంత మాత్రాన మామూలు వినియోగదారుకు పని జరగదు. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024లో నిబంధన మార్చారు కదా, అంత తేలికగా ఇదీ కావాలి.

మా సెక్టార్లలో కార్లు ఎండలో మాడుతుంటాయి. ఆ పార్కింగ్ స్థలాల మీద ప్యానెళ్ల షెడ్లు వేయించండి. ఫ్లాటుకు రెండు కిలోవాట్ల వరకు వాటా కొనుక్కునే వీలు కల్పించి, డాబా ఉన్నవారికి ఇచ్చే రాయితీనే మాకూ ఇవ్వండి. మా వంతు సొమ్ము మేం కడతాం. ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా ఆ వాటా ఎవరికి చెందాలో మాత్రం ముందే రాసిపెట్టండి. లేకపోతే తగాదాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఇట్లు,
చండీగఢ్ ఫ్లాటు నివాసి ఒకరు