చివరి ఇంజెక్షన్ వేళ గది విడిచి వెళ్లకండి

సంపాదకులకు,

నమస్కారం. ఎవరో వదిలేసిన కుక్కను చేరదీసి పెంచుకున్నవారి కోసం, ముఖ్యంగా ఆ కుక్క ఇప్పుడు ముసలిదై, జబ్బుపడి, ఇక కోలుకోదని డాక్టర్లు తేల్చి చెప్పిన ఇళ్లవారి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. అనాథ కుక్కలను దత్తత తీసుకోమని పత్రికల్లో తరచుగా చదువుతుంటాం. బాధ భరించలేని స్థితిలో ఆ కుక్కకు ఇంజెక్షన్‌తో కారుణ్య మరణం ఇచ్చి సాగనంపవలసిన రోజు గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఆ రోజు కుక్కను డాక్టరు చేతికి అప్పగించి మీరు బయటికి వెళ్లిపోవద్దు.

వెళ్లిపోయేవారికి ప్రేమ లేదని నేను అనను. చూసి తట్టుకోలేమన్న భయమే వారిని గది దాటిస్తుంది. అయితే చేరదీసిన కుక్క సంగతి వేరు. దాన్ని ఒకసారి ఎవరో వదిలేసి వెళ్లారు. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నది మనకు తెలియదు. వయసు కూడా పళ్లు చూసి డాక్టరు వేసిన అంచనాయే. మా బంటి వచ్చిన కొత్తలో, మేమంతా పక్క గదిలోకి వెళ్తే తప్ప గిన్నెలో మూతి పెట్టేవాడు కాదు. చీపురు చేతిలోకి తీసుకుంటే చాలు, మంచం కిందికి దూరి గంటల తరబడి బయటికి వచ్చేవాడు కాదు. ఆ భయాలన్నీ ఒక్కొక్కటిగా పోయాయి గానీ, ఇంట్లో ఎవరైనా ప్రయాణానికి సంచి సర్దుతుంటే వచ్చి ఆ సంచి మీద పడుకోవడం మాత్రం చివరి వరకూ మానలేదు. అలాంటి ప్రాణిని, కళ్లు మసకబారి, కాళ్లు నిలవని స్థితిలో, మందుల వాసన నిండిన గదిలో బల్ల మీద పడుకోబెట్టి మనం తలుపు వేసుకుని వెళ్లిపోతే, దానికి స్పృహ ఉన్న ఆఖరి నిమిషాలు మన కోసం వెతుక్కోవడంతోనే గడిచిపోతాయి.

ఆ గదిలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. సాధారణంగా ముందు కాలి మీద కొద్దిగా వెంట్రుకలు తీసి, నరానికి సన్నని గొట్టం అమరుస్తారు. చాలామంది డాక్టర్లు మొదట మత్తుమందు ఇస్తారు, దాంతో కుక్క గాఢంగా నిద్రపోతుంది. ఆ తర్వాత, ఎక్కువగా పెంటోబార్బిటాల్ అనే మందును పెద్ద మోతాదులో ఎక్కిస్తారు. మొదట స్పృహ పోతుంది, తర్వాత ఊపిరి, ఆపైన గుండె ఆగుతాయి; ఇదంతా కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని నిర్ధారిస్తారు. కళ్లు మూతపడవు. ప్రాణం పోయాక కూడా ఒకటి రెండు సార్లు ఎగశ్వాస వచ్చినట్టు కనిపించవచ్చు, కండరాలు అదరవచ్చు, మూత్రం పోవచ్చు. అవి బాధకు గుర్తులు కావు, అప్పటికి దానికి ఏమీ తెలియదు. ఈ మాట మాకు డాక్టరు ముందే చెప్పారు కాబట్టి మేము బెదరలేదు. బంటి గడ్డం నా మణికట్టు మీద ఆనించి ఉంది. ఎప్పటిదో పాత గాయంతో అంచు చిరిగిన వాడి ఎడమ చెవిని వేళ్లతో రాస్తూ కూర్చున్నాను. మత్తు ఎక్కేదాకా తోక చివర బల్లకు మెల్లగా తగులుతూనే ఉంది.

ఆ రోజు ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవడం ఇంతకంటే కష్టం. నొప్పి ఉన్న కుక్క మూలుగుతుందని అనుకుంటాం గానీ, చాలా కుక్కలు మూలగవు; రాత్రిళ్లు ఒకచోట పడుకోలేక తిరగడం, ఊరికే ఎగపోయడం, ఒకే చోట నాకుకుంటూ ఉండడం, మెట్ల దగ్గర ఆగిపోవడం వంటి వాటిలోనే అది బయటపడుతుంది. (ఇలాంటప్పుడు మనం వేసుకునే నొప్పి మాత్రలు దానికి వేయకూడదు. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ వంటివి కుక్కలకు విషమయ్యే ప్రమాదం ఉంది.) జంతువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ రూపొందించిన ఒక కొలమానంలో నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా లేదా అన్న ఏడు అంశాలకు ఒక్కోదానికి, పరిస్థితి ఎంత బాగుంటే అంత ఎక్కువగా, పది వరకు మార్కులు వేస్తారు, మొత్తం 35 దాటితే ఇంకా సంరక్షణ కొనసాగించవచ్చని లెక్క. ప్రాణం విషయంలో మార్కులేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ నిన్న ఒక్కపూట తోక ఊపితే అంతకుముందు వారమంతా మరిచిపోయే మనసు మనది. కాగితం మీద రాసుకుంటేనే నిజం కనబడుతుంది.

"కుక్కే కదా" అనేవారు ఎలాగూ ఉంటారు. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే రాశారు. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో బయటపడిన, సుమారు 14,000 ఏళ్ల నాటి సమాధిలో ఒక పురుషుడు, ఒక స్త్రీతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. దాని పళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు, అది బహుశా డిస్టెంపర్ జబ్బుతో వారాల తరబడి బాధపడిందని, మనుషులు దగ్గరుండి చూసుకోకపోతే అన్నాళ్లు బతికేది కాదని 2018లో తేల్చారు. ఏ పనికీ రాని ఒక జబ్బు కుక్కపిల్లను ఆనాటి మనుషులు విడిచిపెట్టలేదు. కాబట్టి కుక్క కోసం ఏడ్చేవారు సిగ్గుపడవలసిన పని లేదు. పిల్లలకు కూడా నిజమే చెప్పాలి. ఎటో వెళ్లిపోయిందని చెబితే, అది తమను వదిలి వెళ్లిందనుకుని గుమ్మం వైపు చూస్తుంటారు.

పాతిపెట్టేవారు గొయ్యి లోతుగా తీయాలి. ఇంజెక్షన్‌లో ఇచ్చిన పెంటోబార్బిటాల్ కళేబరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది, తవ్వి తినే జంతువులకు, పక్షులకు ప్రాణాంతకమవుతుంది.

పశువైద్యులకు నా మనవి ఏమిటంటే, ఇంటివారిని గదిలో ఉండనివ్వండి, ఏం జరగబోతుందో ముందుగా వివరించండి, సంతకాలు, ఫీజు లెక్కలు ఇంజెక్షన్‌కు ముందే ముగించండి. కన్నీళ్లతో కౌంటరు దగ్గర వరుసలో నిలబడవలసి రావడం ఎవరికీ మంచిది కాదు. ఆసుపత్రి అంటేనే వణికే కుక్క అయితే, ఇంటి నుంచి బయలుదేరే ముందే ఇవ్వదగిన మత్తు మాత్రలు ఉంటాయి, వాటి గురించి అడగకపోయినా చెప్పండి. వీలైనచోట ఇంటికే వచ్చి ఈ పని చేయండి. ఈ విషయాలన్నీ అనుభవజ్ఞుడైన పశువైద్యుడి చేత వివరంగా రాయించి మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు