మావా, మొగ్గ వేసిందిరా!

ఒరేయ్ మావా,

ముందు కడుపారా తిట్టుకో, తర్వాత చదువు. ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు చెప్పుకోడానికి మంచి సాకు కూడా లేదు. మొదలుపెట్టిన కాగితం ఒకటి సొరుగులో ఉంది, "నువ్వు కులాసా అని తలుస్తాను" దగ్గరే ఆగిపోయింది. అది చింపేసి ఇది రాస్తున్నాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఇంట్లోవాళ్ళు ఇక వినమని తేల్చేశారు.

మిగతా కబుర్లు ఒక్క గుక్కలో: అమ్మ మోకాళ్ళు నయం, మళ్ళీ నన్ను కేకలేసే ఓపిక వచ్చింది. ఆఫీసు సంగతి అడక్కు. చిన్నదానికి ముందు పన్ను ఊడింది, ఆ సందులోంచి ఈల వెయ్యడం నేర్చుకుంది, ఇల్లంతా ఈలలే. మీ చెల్లెమ్మ బాగుంది, నువ్వు ఫోన్ ఎత్తవని కోపం నామీద చూపిస్తోంది. నీ అప్పు గుర్తుంది, దాని గురించి తర్వాత. అంతే.

మొగ్గ వేసిందిరా! మూరెడు కూడా లేని కర్రముక్క, చలికాలం నడిమధ్యన, ఇంటి లోపల, కిటికీ పక్కన! బ్రగ్మాన్సియా. కొందరు ఏంజెల్స్ ట్రంపెట్ అంటారు. పోయినసారి వచ్చినప్పుడు పక్కింటి పెద్దాయన దొడ్లో తలకిందులుగా వేలాడే పూలు చూసి "ఈ చెట్టుకి ఎవరో లౌడ్‌స్పీకర్లు కట్టార్రా" అన్నావే, అదే.

మొదట్నుంచీ చెబుతాను, అడ్డు రాకు. ఉత్తరంలో ఎలాగూ అడ్డు రాలేవు, అందుకే నీతో ఫోన్ కంటే ఇదే సుఖం.

పెద్దాయన ఏటా చలి ముదరక ముందే ఆ చెట్టుని కొట్టి పొట్టిగా చేసేస్తాడు. ఒక్క రాత్రి మంచు గడ్డకట్టిందంటే చాలు, ఆకులన్నీ నల్లబడి లేత కొమ్మలు మెత్తబడిపోతాయి. మోడుని కుండీతో సహా చీకటి షెడ్డులోకి లాగేసి, మట్టి మరీ ఎండిపోకుండా ఎప్పుడో గుక్కెడు నీళ్ళు పోస్తూ వసంతం దాకా పడుకోబెడతాడు. కొట్టిన కొమ్మలు చెత్తకుప్పకే. ఆ కుప్ప చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. "నాలుగు ముక్కలు పట్టుకుపోనా?" అని అడిగాను. ఆయన కత్తెర ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "పంగ పైవా, పంగ కిందవా?" అన్నాడు.

ఒక్క ముక్క అర్థం కాని ముఖం పెట్టాను నేను.

అసలు కీలకం అక్కడే ఉంది మావా. ఈ మొక్క మొదట్లో ఒంటి కాడగా నిటారుగా పెరుగుతూ పోతుంది. సుమారు మనిషి ఎత్తు వచ్చాక ఒకచోట రెండుగా చీలుతుంది. ఆ మొదటి పంగ పడేదాకా పువ్వు మాటే లేదు. పడ్డాక పూలన్నీ దాని పైనే. పంగ కింద నుంచి కోసిన ముక్క నాటావనుకో, అది మళ్ళీ చిన్నపిల్లే, మళ్ళీ ఒంటి కాడగా అంత ఎత్తూ ఎక్కాలి. పై నుంచి కోసిన ముక్క ఈడొచ్చిన కొమ్మ. తనకి వయసొచ్చిందన్న సంగతి మర్చిపోదు. పొట్టిగా ఉండగానే పూస్తుంది. మరి కుప్పలో పడున్న కొమ్మల్లో ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? ఆకు చూడమన్నాడు. పంగ కింది ఆకుకి రెండు సగాలూ కాడ దగ్గర ఒకేచోట మొదలవుతాయి. పంగ పైన పుట్టిన ఆకుకి ఒక సగం కాస్త కిందికి జారి ఉంటుంది. అబద్ధమేమో అనుకుని కుప్పంతా తిరగేశాను. నిజమే! ఆ సాయంత్రం చలిలో చెత్తకుప్ప దగ్గర గొంతుక్కూచుని ఆకుల వంకర లెక్కలు చూస్తున్న నన్ను కిటికీలోంచి చూసి మీ చెల్లెమ్మ ఏమనుకుందో నువ్వే ఊహించుకో.

పెద్దాయనకైతే కింది ముక్కలే ఇష్టం. పొడుగు కాండం మీద గొడుగులా పరుచుకోవాలట చెట్టు. ఆయనకి దొడ్డి ఉంది, ఎన్నైనా అంటాడు. నాకున్నది కిటికీ. పై ముక్కలే ఎక్కువ తెచ్చుకున్నాను, పోల్చి చూద్దామని కిందివి కూడా కొన్ని. పైవాటికి ఎర్ర దారం, కిందివాటికి తెల్ల దారం.

ఇంకోటి విన్నావంటే ఆశ్చర్యపోతావు. ఈ మొక్కల పుట్టిల్లు దక్షిణ అమెరికా. మొత్తం ఏడు జాతులు. ఏడింటినీ ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్ళ రెడ్ లిస్ట్‌లో "అడవిలో అంతరించినవి" అని రాసేశారు. దొడ్లలో, కుండీల్లో, తోటల్లో తప్ప పుట్టింటి అడవిలో తనంతట తాను బతుకుతున్నది లేదు. వీటి గింజల్ని మోసుకెళ్ళి చల్లిన జంతువేదో ఎప్పుడో నశించిపోయి ఉంటుందని ఒక అనుమానం. ఇన్నేళ్ళూ వీటిని బతికించింది మనుషులే, ఒకరు కొమ్మ విరిచి ఇంకొకరి చేతిలో పెట్టడమే. ఇది చదివాక చెత్తకుప్ప వైపు చూడలేకపోయాను. కుప్పలో మిగిలినవాటి కోసం మర్నాడు మళ్ళీ వెళ్ళాను గానీ, అప్పటికే... సరే, వదిలెయ్.

విషం సంగతి చెప్పలేదు కదూ. ఉమ్మెత్తకి స్వయానా దగ్గరి చుట్టం ఇది. ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నీ విషమే. స్కోపొలమైన్, అట్రోపిన్ లాంటివి ఉంటాయి. కళ్ళ డాక్టరు కనుపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తాడు చూడు, అలాంటి మందే. కోసిన చేత్తో కన్ను నులుముకుంటే ఆ కనుపాప ఒక్కటీ రోజుల తరబడి విచ్చుకునే ఉండిపోతుంది, చూపు మసక. అందుకని గ్లౌజులు, ఒక కత్తెర దీనికే కేటాయింపు, పని అయ్యాక సబ్బుతో చేతులు. వంటింటి గట్టు మీద ఈ ముక్కలు పెట్టిన నీళ్ళ సీసా కనిపిస్తే నన్నూ సీసానీ కలిపి బయట పెడతానంది మీ చెల్లెమ్మ. చిన్నది సీసా మీద పుర్రె బొమ్మ వేసి అంటించింది. పుర్రెకి ముందు పన్ను లేదు.

కోత విషయానికొస్తే, మరీ లేత పచ్చ చివళ్ళు నీళ్ళలో కుళ్ళిపోతాయి. పెన్సిలు లావు నుంచి బొటనవేలు లావు దాకా, సగం ముదిరి బూడిదరంగు తిరుగుతున్న కొమ్మ మంచిది. జానెడు ముక్క, రెండు మూడు కణుపులు ఉండాలి, కింది కోత కణుపుకి కాస్త దిగువన. పెద్ద ఆకులన్నీ తీసెయ్యాలి. వేరు లేని కర్ర అంత ఆకుకి నీళ్ళెక్కడ తెస్తుంది? కొసన వేలి గోరంత చిగురు ఉంచితే చాలు. తల ఏదో కాలు ఏదో గుర్తు పెట్టుకోవాలి. ఆకులు తీశాక రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. వేళ్ళు త్వరగా రావడానికి పూసే పొడి అవసరం లేదని నా మట్టుకు నాకు గట్టి నమ్మకం. ఇంత తేలిగ్గా వేరుపట్టేదానికి పొడి పూయడం ఈత వచ్చినవాడికి ట్యూబు కట్టడమే.

రంగు గాజు సీసాలో రెండంగుళాల నీళ్ళు. వేళ్ళకి చీకటి కావాలి, పైగా వెలుతురు తగిలితే నీళ్ళు పాచి పడతాయి. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చడం. చలి తగలని చోటు, ఇరవై డిగ్రీలకి అటూ ఇటూ. ఆ తర్వాత? ఆ తర్వాత ఏమీ లేదు. కర్రలు. ఉన్న చిగుళ్ళు కూడా రాలిపోయి ఉట్టి కర్రలు. వచ్చిన చుట్టాలంతా "ఏమిటివి?" అని అడగడం, నేను చెప్పడం, వాళ్ళు జాలిగా తల ఊపడం.

ఒక ఆదివారం మీ చెల్లెమ్మ సీసా పట్టుకుని వరండాలోకి బయల్దేరింది. "వీటికి అమ్మవారు పోసింది, పారేస్తున్నా" అంది. పరిగెత్తి లాక్కుని చూశాను. నీళ్ళలో మునిగిన భాగమంతా తెల్లతెల్లటి బుడిపెలు. బూజు అంది తను. పురుగు గుడ్లు అంది అమ్మ. ఈల వేసింది చిన్నది. నాకూ గుండె జారింది గానీ, గోటితో నొక్కి చూశాను. గట్టిగా ఉంది. వాసన లేదు. కుళ్ళయితే గోధుమరంగుగా మెత్తబడి, చర్మం జారి, కంపు కొడుతుంది. భూతద్దం తెచ్చి అందర్నీ వరసలో నిలబెట్టాను. కాండం గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలు నీళ్ళలో ఉబ్బి అలా తెల్లగా కనిపిస్తాయి, మామూలుగా వాటి వెనకే వేళ్ళు వస్తాయి. మీ చెల్లెమ్మ భూతద్దంలో చాలాసేపు చూసి, "మరి ముందే చెప్పొచ్చుగా" అని సీసా తనే తీసుకెళ్ళి కిటికీలో పెట్టింది. ఆ రోజు నుంచి నీళ్ళు మార్చే పని ఆవిడది. నన్ను ముట్టుకోనివ్వదు. ఇది న్యాయమా చెప్పు?

వేళ్ళొచ్చాయి. తెల్లగా, బొద్దుగా. అంగుళం దాటగానే కుండీల్లోకి మార్చాం. నీళ్ళలో పుట్టిన వేరు పెళుసు, చెయ్యి తగిలితే విరుగుతుంది. అందుకని ముక్కని కుండీ మధ్యలో పట్టుకుని, చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్ల పలుకులు) సగం సగం కలిపింది మెల్లగా రాల్చి, వేలితో నొక్కకుండా నీళ్ళు పోసి సర్దుకోనిచ్చాం. కుండీ చిన్నదే ఉండాలి. పెద్ద కుండీలో అంత తడిని తాగేందుకు వేళ్ళు చాలవు, మట్టి రోజుల తరబడి చిత్తడిగా ఉండి కుళ్ళబెడుతుంది. ఎరువు అప్పుడే వద్దు. మొదట్లో తలలు వాల్చేశాయి. పైన పల్చటి ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పితే తేరుకున్నాయి.

చీడల గురించి ఒక్క ముక్క, లేకపోతే నాకు కోపం పెరుగుతుంది. హీటరు గాలి పొడిగా ఉంటుంది కదా, ఎర్రనల్లికి అది పండగ. ఆకు అడుగున పొడిలా ఉండి, పైన సన్నటి పసుపు చుక్కలు పడితే అదే. షవరు కింద పెట్టి అడుగు భాగం బలంగా కడగడమే మందు, వారం వారం, విసుగు లేకుండా. మట్టి మీద ముసిరే చిన్న నల్ల ఈగలకి పై మట్టి ఎండనివ్వడం, పసుపు జిగురు అట్టలు. నా కాఫీలో పడ్డ ఈగల గురించి రాయను.

ఇప్పుడు మొగ్గ. ఎర్ర దారం ముక్కల్లో ఒకటి ఆకులేస్తూ వేస్తూ కొస దగ్గర రెండుగా చీలింది. ఆ పంగలో పచ్చటి సన్నటి తిత్తి ఒకటి. ఆకు చుట్టుకుందేమో అనుకున్నాను. మర్నాటికి కిందికి వంగింది. పెద్దాయన్ని పిలుచుకొచ్చాను. చూసి, "తుంచెయ్" అని వెళ్ళిపోయాడు! ఇంత చిన్న మొక్క పువ్వు మీద బలం ఖర్చు పెడితే వేళ్ళకి మిగలదట. మీ చెల్లెమ్మ కుండీకి అడ్డంగా నిలబడింది. "నీళ్ళు మార్చింది నేను, తుంచేది ఎవరు?" అమ్మ ఆవిడ పక్షం. వాళ్ళిద్దరూ ఒక పక్షంలో ఉండటం నువ్వెప్పుడైనా చూశావా? నేనైతే చాలా కాలం తర్వాత ఇదే చూడటం.

పెద్దాయన చెప్పింది సబబేనని నాకూ తెలుసు. కానీ కుండీ ఎత్తి చూస్తే అడుగు కన్నాల్లోంచి వేళ్ళు తొంగిచూస్తున్నాయి. అంత బలముంటే ఒక్క పువ్వు మోయలేదా? మోస్తుందని తీర్పు ఇచ్చేశాను. ఇప్పుడు టెన్షన్ ఏమిటంటే, చోటు మారినా, గాలి మరీ ఎండినా, మట్టి ఆరినా మొగ్గ రాలిపోతుందట. అందుకని కర్టెను లాగకూడదు, హీటరు అటు తిప్పకూడదు, కుండీ తిప్పకూడదు, చిన్నది దాని ముందు ఈల వెయ్యకూడదు (ఇది మీ చెల్లెమ్మ రూలు, శాస్త్రం కాదు). మొగ్గ ఇప్పుడు వేలి పొడుగు దాటింది. ఆ పచ్చ తిత్తి కొసన చీలి లోపల లేత పసుపు కనిపిస్తోంది. విచ్చుకుంటే సువాసన చీకటి పడ్డాక మొదలవుతుంది. దాని ఊళ్ళో రాత్రిపూట తిరిగే పెద్ద చిమ్మెటల కోసం ఆ ఏర్పాటు. మూసిన గదిలో ఆ ఘాటుకి కొందరికి తల దిమ్మెక్కుతుందట, అందుకని పడకగది తలుపు వేసే ఉంచుతాం.

తెల్ల దారంవి ఎలా ఉన్నాయంటావా? ఒంటికాడగా, బుద్ధిగా, ఆకాశంకేసి చూస్తూ. వాటికి ఇంకా చాలా దూరం ఉంది.

ఇక నీకు. కాదనకు, పంపేస్తున్నాను. నీ మనీప్లాంట్ చరిత్ర నాకు తెలుసు, అయినా పంపుతున్నాను. ఎర్ర దారం ముక్కలే. ఆకులు తీసేసి, మొదళ్ళకి తడి కాగితం చుట్టి, కవర్లో పెట్టాను, ప్రయాణంలో కొన్నాళ్ళు తట్టుకుంటాయి. దారం ఉన్న వైపు తల. రాగానే కింది కొసని శుభ్రంగా కాస్త కోసి, రంగు సీసాలో... నీ దగ్గర రంగు సీసా ఉండదు, మామూలు దానికి కాగితం చుట్టు. పిల్లి ఇంకా మీ ఇంట్లోనే ఉంటే ఎత్తులో పెట్టు, ఆకు కొరకనివ్వకు. బుడిపెలు వస్తే పారెయ్యకు, ముందు నాకు ఫోన్ చెయ్, అంటే ఫోన్ ఎత్తడం కాదు, నువ్వే చెయ్యాలి. ఇంకా అప్పు గురించి రాద్దామనుకున్నాను, కుండీ సైజుల గురించి కూడా, కానీ పార్సెలు అబ్బాయి వచ్చి తలుపు కొడుతున్నాడు, ఈ కాగితం కూడా అందులోనే దూర్చాలి, మీ చెల్లెమ్మ టేపు పట్టుకుని నా నెత్తి మీదే

నీ
వాడే