దోమతెరలు పంచితే చాలదా అన్నావు కదా

ఒరేయ్ శీనూ,

ఫోన్లో ఆ మాట అనేసి పెట్టేశావు. "ఆఫ్రికాలో పిల్లలు మలేరియాతో పోతుంటే దోమతెరలు, మందులు పంచాలి గానీ, ఆ డబ్బుతో అక్కడి కుర్రాళ్ళ చేత పీహెచ్‌డీలు చేయించడమేంట్రా?" అని. ఈలోపు మీ ఆవిడ పిలిచింది, నేను బతికిపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, టీ పెట్టుకుని కూర్చో.

నీ బాధ అబద్ధం కాదు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కల్లో 2023లో మలేరియాతో పోయినవాళ్ళు దాదాపు 5,97,000 మంది. నూటికి తొంభై అయిదుగురు ఆఫ్రికావాళ్ళే, అందులోనూ ఎక్కువమంది అయిదేళ్ళలోపు పసిపిల్లలు. దోమతెరలు వద్దని ఎవడంటాడు? కానీ ఏ మందు ఇంకా పనిచేస్తోందో, ఏది మానేసిందో చెప్పేదెవరు? అసలు గొడవంతా అక్కడుంది.

మాలి దేశం సంగతి చెప్తా విను. రాజధాని బమాకోలో 1992లో మలేరియా పరిశోధన, శిక్షణ కేంద్రం ఒకటి పెట్టారు. దాన్ని నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఒగోబారా డుంబో, డోగోన్ జాతి డాక్టరు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ సాయం చేసింది. కుర్రాళ్ళని పై చదువులకి బయటికి పంపాలి, వాళ్ళు తిరిగొచ్చేసరికి పనిచేయడానికి ల్యాబు ఊళ్ళోనే ఉండాలి. ఈ రెండో ముక్కే చాలామందికి గుర్తుండదు. మన బ్యాచ్‌లో వెనక్కొచ్చినవాళ్ళు ఎంతమందో నీకు తెలుసుగా! (దెప్పట్లేదులే. సరే, కొంచెం దెప్పుతున్నా.) వచ్చినవాడికి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు, కరెంటు పోతే జనరేటరు, నెలనెలా జీతం లేకపోతే ఆ పీహెచ్‌డీ గోడకి తగిలించుకోవడానికే.

అలా వెళ్ళి తిరిగొచ్చినవాడు అబ్దులాయ్ జిమ్డే. బమాకోలో ఫార్మసీ చదివి, మేరీల్యాండ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాడు. 2001లో ఆయన మొదటి రచయితగా వచ్చిన పేపరు నాకు భలే ఇష్టం. మలేరియా పరాన్నజీవిలో ఒక్క జన్యువులో, 76వ స్థానంలో వచ్చే చిన్న మార్పుకీ, క్లోరోక్విన్ అనే పాత మలేరియా మందు పనిచేయకపోవడానికీ ఉన్న సంబంధాన్ని మాలి రోగుల్లోనే చూపించాడు. దాంతో ఫిల్టర్ కాగితం మీద ఎండబెట్టిన రక్తపు చుక్క చాలు, ఆ ప్రాంతంలో క్లోరోక్విన్ మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో అంచనా కట్టడానికి. అందులోనే ఇంకో సంగతి ఉంది. ఆ మార్పున్న క్రిమి ఒంట్లో ఉన్నా, వయసు పెరిగేకొద్దీ ఎక్కువమంది క్లోరోక్విన్‌తోనే గట్టెక్కారు, చిన్నపిల్లల్లోనే మందు ఎక్కువగా ఓడిపోయింది. ఏటేటా జ్వరం పడి లేచిన ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. పెద్దాళ్ళు తగ్గిపోయిందంటున్నారు కదా అని మందు బాగానే ఉందనుకుంటే పిల్లలు పోతారు.

డుంబో వాళ్ళది ఇంకో పద్ధతి ఉంది. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే ట్రయల్ పెట్టేముందు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే సరిపోదన్నాడాయన. ముందు ఊరి పెద్దలు, నాటువైద్యులు, తర్వాత ఇంటి పెద్దలు, ఆ తర్వాతే తల్లులు. కాలేజీల్లో చదువుకున్న మనలాంటివాళ్ళకి ఇది నసగా అనిపిస్తుంది. కానీ బిడ్డ రక్తం తీసుకెళ్ళి ఏం చేస్తారో తెలీకపోతే ఏ తల్లి ఇస్తుంది? ఆ ఊరి మర్యాద తెలిసినవాడు ప్రాజెక్టు నడిపితేనే ఇది కుదురుతుంది. బయటివాడు రెండు నెలలకి వచ్చి రక్తం డబ్బాలో పెట్టుకుని వెళ్ళిపోతే కుదరదు.

మన సికింద్రాబాద్ సంగతే చూడు. 1897లో రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఇక్కడే. తన మీద వాలి కుట్టిన ఒక్కో దోమకీ ఒక్కో అణా పుచ్చుకుని పడుకున్నది హుసేన్ ఖాన్ అనే రోగి. నోబెల్ రాస్‌కి వచ్చింది. ఆఫ్రికాలో చాలాకాలం అక్కడివాళ్ళ పాత్ర అణా పుచ్చుకునేంతవరకే.

2014 చివర్లో మాలికి ఎబోలా వచ్చినప్పుడు బమాకోలో యూనివర్సిటీ ల్యాబులోనే పరీక్షలు చేశారు. ఎన్నో ఏళ్ళుగా టీబీ, హెచ్‌ఐవీ పనికని తయారైన మనుషులు, గదులు అవి. దోమతెరల లెక్కలో ఇలాంటివి ఎక్కడ రాస్తావు చెప్పు?

జిమ్డే ఇప్పుడు డెల్జెమ్ అనే కార్యక్రమం నడిపిస్తూ చాలా ఆఫ్రికా దేశాల కుర్ర పరిశోధకులకి మలేరియా జన్యుశాస్త్రం నేర్పిస్తున్నాడు. డబ్బులు మాత్రం ఎక్కువగా బయటివే, లండన్ వెల్‌కమ్ లాంటి సంస్థలవి. నాకు నచ్చనిదల్లా అదే. 2025 మేలో ఎన్‌ఐహెచ్ తన గ్రాంట్లలోంచి విదేశీ సంస్థలకి వాటా ఇచ్చే పద్ధతిని ఆపేస్తున్నట్టు ప్రకటించగానే, అక్కడి ల్యాబులవాళ్ళకి ఎంత టెన్షన్ అయి ఉంటుందో ఊహించుకో. సొంత ప్రభుత్వాలు పైసలు తీయనంతకాలం వాళ్ళ స్వతంత్రం సగమే. ఈ ఒక్క విషయంలో నువ్వు వాదిస్తే ఒప్పుకుంటా, మిగతావాటిలో కాదు.

మీ చిన్నది పబ్లిక్ హెల్త్ చదువుతోందన్నావుగా, ఊరి అనుమతి గురించి డుంబో 2005లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం చదవమను. ఇక సంక్రాంతికి టికెట్లు తీశావా, లేక పోయినేడాది లాగే సెలవు దొరకలేదంటావా? అరిసెలు ఎన్ని చేయించాలో అమ్మ అడుగుతోంది.

నీ
రవి